కుక్క బొమ్మ కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి!

వాట్సాప్‌లో ఓ ఫొటో వచ్చిందనుకోండి. నిగనిగలాడే ఇత్తడి హారన్, దాని కింద చెక్క పెట్టె, పెట్టె మీద కుక్క బొమ్మ. పక్కనే మెసేజ్: "వందేళ్ల నాటి ఫోనోగ్రాఫ్ బ్రో. గూడెంలో పాత మేడ పడగొడితే దొరికింది. రేపు సాయంత్రంలోగా అడ్వాన్స్ వేస్తే మీకే." మన రీల్స్‌కి బ్యాక్‌గ్రౌండ్‌గా పెడితే అదిరిపోద్ది అనిపిస్తుంది. వేలు ఫోన్‌పే మీదకి వెళ్లిపోతుంది.

ఒక్క క్షణం ఆగండి. 'ఫోనోగ్రాఫ్' అన్న మాటకీ ఆ కుక్క బొమ్మకీ పొత్తు కుదరదు. ఎందుకో తెలిస్తే సగం మోసం అక్కడే బయటపడిపోతుంది.

గొట్టమా? ప్లేటా?

ఎడిసన్ 1877లో కనిపెట్టింది ఫోనోగ్రాఫ్. అది గొట్టం మీద పాడుతుంది. ఆ గొట్టాన్నే సిలిండర్ అంటారు. పొడవు నాలుగుంపావు అంగుళాలు, అడ్డం రెండుంపావు. చూడ్డానికి అడుగు లేని టీ గ్లాసులా ఉంటుంది. పదేళ్ల తర్వాత, 1887లో బెర్లినర్ తెచ్చింది గ్రామఫోన్. అది ప్లేటు మీద పాడుతుంది. మన పెద్దాళ్లు 'గ్రామఫోను ప్లేట్లు' అన్నది వీటినే.

మరి కుక్క? దాని పేరు నిప్పర్. ఫ్రాన్సిస్ బరాడ్ అనే పెయింటర్ మొదట దాన్ని సిలిండర్ మెషీన్ ముందు కూర్చోబెట్టే బొమ్మ గీశాడు. 1899లో గ్రామఫోన్ కంపెనీ ఆ బొమ్మ కొంటూ, సిలిండర్ మెషీన్ చెరిపి తమ ప్లేట్ల మెషీన్ గీయమంది. అదే 'హిజ్ మాస్టర్స్ వాయిస్'. అంటే ఆ కుక్క ప్లేట్ల కంపెనీది. సిలిండర్ మెషీన్ మీద అది అంటించి ఉందంటే ఎవరో తర్వాత అంటించిందే.

మన వైపు దొరికేది ఏది?

కలకత్తాలో హెచ్. బోస్ 1906 ప్రాంతంలో సిలిండర్ల మీద పాటలు రికార్డు చేసి అమ్మాడు. రవీంద్రనాథ్ టాగూర్ గొంతు కూడా అందులో ఉంది. కానీ మన డెల్టా ఊళ్లలో హవా అంతా ప్లేట్లదే. ఉండి దగ్గర యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి జంటగా రాసిన భారత నాటక పద్యాలు ఊరూరా మోగింది ప్లేట్ల మీదే. కాబట్టి ఏలూరులోనో కైకలూరులోనో 'మా తాతగారు వాడింది' అన్న కథ ప్లేట్ల మెషీన్‌కి అతుకుతుంది. సిలిండర్ మెషీన్‌కి అంత తేలిగ్గా అతకదు. కథ వినండి, తప్పులేదు. డబ్బు మాత్రం మెషీన్‌ని చూసి ఇవ్వండి.

కొత్త సరుకు, పాత ముఖం

అలంకారం కోసం కొత్త గ్రామఫోన్లు మన దేశంలోనే తయారవుతున్నాయి. పల్చటి ఇత్తడి రేకుతో పెద్ద హారన్, కొత్త చెక్కకి ముదురు రంగు, లోపల ఏదో పాత పోర్టబుల్ మెషీన్ మోటారు. షోపీస్ రేటుకి కొంటే హాయిగా హాల్లో పెట్టుకోవచ్చు. యాంటిక్ రేటుకి కొంటేనే మునిగిపోయేది. గుర్తుపట్టడం కష్టం కాదు. పాత మెషీన్‌లో చెయ్యి తగిలేచోట అరుగుదల ఉంటుంది, తగలనిచోట ఉండదు. కొత్తదానికి అంతటా ఒకేలా 'పాతదనం' పూసి ఉంటుంది. కొత్త స్క్రూలు, అడుగున తాజా చెక్క, వంకరగా కూర్చున్న గొట్టం కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఫోన్ జేబులోంచి తీయండి

నిజంగా సిలిండర్ మెషీనే అని తేలితే, ఈ ఐదూ చూశాకే బేరం.

1. నెంబరు ప్లేటు: ఎడిసన్ మెషీన్లకి మోడల్ పేరు, సీరియల్ నెంబరు, పేటెంట్ తేదీలతో లోహపు ప్లేటు ఉంటుంది. దగ్గర్నుంచి ఫొటో తీసుకోండి. జెమ్, స్టాండర్డ్, హోమ్, ట్రయంఫ్ అనేవి మోడళ్లు. పేటెంట్ తేదీ అంటే తయారైన తేదీ కాదు. ప్లేటు మీద ఉన్న ఆఖరి తేదీకి ముందు ఆ మెషీన్ తయారై ఉండదు, అంతే.

2. రీప్రొడ్యూసర్: ముల్లు ఉండే గుండ్రటి భాగం ఇదే. దీంట్లోనే ప్రాణం ఉంటుంది. ఇది లేకపోతే ధర బాగా పడిపోతుంది. రెండు నిమిషాల సిలిండర్లకి ఒకటి, 1908లో వచ్చిన నాలుగు నిమిషాల వాటికి ఇంకొకటి. నాలుగు నిమిషాల గాళ్లు రెండింతలు దగ్గరగా ఉంటాయి, అందుకే తేడా.

3. స్ప్రింగు: "ఓసారి కీ ఇచ్చి చూపిస్తారా అండీ" అని అడగండి. మెత్తగా, ఒకే వేగంతో తిరగాలి. లోపల దబ్ దబ్‌మని చప్పుడొస్తే గ్రీజు గడ్డకట్టి ఉండొచ్చు. రిపేరు ఖర్చు బేరంలో తగ్గించమనండి.

4. వేగం: సిలిండర్ తొడిగే రోలర్ మీద చిన్న కాగితం ముక్క అంటించి పావు నిమిషం స్లో మోషన్‌లో వీడియో తీయండి. 1902 తర్వాతి సిలిండర్లకి నిమిషానికి 160 చుట్లు, అంటే పావు నిమిషానికి 40 రావాలి.

5. పైపూత: పెట్టె మీద ఎడిసన్ పేరు, బంగారు గీతలు చెదరకుండా ఉంటే ధర పెరుగుతుంది. అవి చెరిగిపోయేలా కొత్త పాలిష్ కొట్టారంటే విలువ పోగొట్టినట్టే.

ధర సంగతేంటి?

'పాతది కాబట్టి లక్షలు' అనేది వట్టి మాట. ఎడిసన్ స్టాండర్డ్ 1898లో 20 డాలర్లకి వచ్చింది. లక్షల్లో తయారైంది. పనిచేసే మామూలు స్టాండర్డ్ ఈరోజుకీ అమెరికాలో కొన్ని వందల డాలర్లే పలుకుతుంది. వేలం సైట్లలో అడిగే ధర కాదు, అమ్ముడైన ధర చూడండి. మూత, ఒరిజినల్ హారన్, రీప్రొడ్యూసర్ మూడూ ఉన్నాయో లేదో లెక్కేసుకోండి. ఇంకోటి, వందేళ్లు దాటిన వస్తువులు దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది. 'ఫారిన్‌లో అమ్మేద్దాం' అనే ప్లాన్ ముందే పక్కన పెట్టండి.

కొల్లేరు గాలి గుర్తుంచుకోండి

మన దగ్గర తేమకి ఇంట్లో ఉప్పు డబ్బాలే నీరుకారతాయి. ఇక స్ప్రింగు తుప్పు పట్టడం ఎంతసేపు? బుడమేరు, తమ్మిలేరు వరదనీళ్లు తగిలిన ఇంటి సామానైతే పెట్టె అడుగు, మూలల అతుకులు తప్పకుండా చూడండి. మైనపు సిలిండర్ల మీద తెల్లటి మచ్చలుంటే అది బూజు. అది గాళ్లనే తినేస్తుంది, తుడిచినా పాట తిరిగి రాదు. సిలిండర్‌ని లోపలికి రెండు వేళ్లు పెట్టి పట్టుకోవాలి, పైన ముట్టుకోకూడదు. జారితే గాజులా ముక్కలే.

ఆఖరి మాట, అసలు మాట. ప్లేట్ల మెషీన్ పాడుతుందంతే. సిలిండర్ మెషీన్ వినగలదు కూడా. ఇంట్లోనే ఖాళీ మైనం గొట్టం తొడిగి, హారన్‌లోకి మాట్లాడి గొంతు రికార్డు చేసుకునేవాళ్లు. కాబట్టి మెషీన్‌తో పాటు చేతిరాత ఉన్న డబ్బాలో గోధుమరంగు సిలిండర్ దొరికితే, 'టెస్టింగ్' అని వెంటనే ముల్లు పెట్టకండి. నీలం రంగు సెల్యులాయిడ్ సిలిండర్లకి వాడే వజ్రపు ముల్లు దాని మీద పెడితే గాళ్లు చెక్కేస్తుంది. ముందు తెలిసినవాళ్లకి చూపించండి. మెషీన్ ఇంకోటి దొరకొచ్చు. ఆ గొంతుకి ప్రపంచంలో ఉన్న కాపీ అదొక్కటే.