తలుపులు మూశాక

2020 మార్చి 25న దేశమంతా తలుపులు వేసుకుంది. మహమ్మారి బయట ఉంది, ఇల్లు కదలకపోతే క్షేమం అన్నారు. చెయ్యి చేసుకునే భర్తతో రాత్రింబవళ్లూ ఒకే గదిలో ఉండాల్సి వచ్చిన ఆడవాళ్లకు ఆ క్షేమం దక్కలేదు.

ఫిబ్రవరి 27 నుంచి మార్చి 22 వరకు జాతీయ మహిళా కమిషన్‌కు 123 గృహహింస ఫిర్యాదులు వచ్చాయి. ఆ తర్వాత 25 రోజుల్లో, ఏప్రిల్ 16 నాటికి, 239. దాదాపు రెట్టింపు. అయినా ఇంత పెద్ద దేశంలో 239 ఏ మూలకు? ఇవి ఎక్కువగా ఈమెయిల్, వాట్సాప్‌లలో వచ్చినవి. పేద మహిళల ఫిర్యాదులు మామూలుగా పోస్టులో వస్తాయని, లాక్‌డౌన్‌లో అవి అందడం లేదని అప్పటి అధ్యక్షురాలు రేఖా శర్మ చెప్పారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు సగం మంది కూడా లేరు. ఫోన్ ఉన్నా, భర్త ఎదురుగా కూర్చుంటే ఎవరికి చేస్తుంది?

మామూలు రోజుల్లో అతను పనికెళ్లాక కాస్త ఊపిరి పీల్చుకునే వీలుండేది. కూలికెళితే తోటి ఆడవాళ్లతో చెప్పుకునేది. డ్వాక్రా సంఘంలో ఎవరో ఒకరు ముఖం మీది వాపు చూసి అడిగేవారు. మరీ భరించలేకపోతే పిల్లల్ని తీసుకుని పుట్టింటికి బస్సెక్కేది. ఆ బస్సే ఆగిపోయింది.

పనులు పోయాయి, చేతిలో డబ్బాడక మగవాళ్లు విసిగిపోయారని చాలామంది సర్దిచెప్పారు. పనులు ఆడవాళ్లకూ పోయాయి కదా! ఆర్థికవేత్తలు శరవణ రవీంద్రన్, మనీషా షా అధ్యయనం ప్రకారం, 2020 మేలో ఆంక్షలు తక్కువున్న గ్రీన్ జోన్లతో పోలిస్తే, కఠినంగా ఉన్న రెడ్ జోన్ జిల్లాల్లో గృహహింస ఫిర్యాదులు 131 శాతం పెరిగాయి. భార్యను కొట్టడం గురించి జనం ఏమనుకుంటారన్నదానికీ ఇందులో పాత్ర ఉందని వారు తేల్చారు. మన దగ్గర ఆ అభిప్రాయం ఎలా ఉంది? చెప్పకుండా బయటికెళ్లడం, సరిగా వండకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం లాంటి కారణాల్లో ఒక్కదానికైనా భర్త కొట్టడం సమంజసమేనని ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం మహిళలు చెప్పారు. చిన్నప్పటి నుంచి ‘సర్దుకుపో’ అని వింటూ పెరిగినవాళ్ల జవాబు అది. ఫిర్యాదు చేయాలన్న ఆలోచనకే వాళ్లు ఎంత దూరంలో ఉన్నారో చూడండి.

ఇలా ఇంట్లో చిక్కుకున్నవారి కోసం స్పెయిన్‌లోని కానరీ దీవుల్లో ఒక ఉపాయం చేశారు. మందుల షాపుకెళ్లి ‘మాస్క్ 19’ అని అడిగితే చాలు, షాపువాళ్లే అధికారులకు కబురు పెట్టేవారు. మందుల కోసం బయటికి వెళ్లడాన్ని ఏ ఆంక్షా ఆపదు కదా. ఇక్కడ కూడా కిరాణా, మందుల దుకాణాల్లో ఫిర్యాదుకు చోటు కల్పించాలని 2020 ఏప్రిల్‌లో జమ్మూకశ్మీర్ హైకోర్టు సూచించింది.

ఇరుగుపొరుగు ‘మొగుడూపెళ్లాల గొడవ, మనకెందుకు’ అని తప్పుకుంటారు. 2005 గృహహింస నిరోధక చట్టం వాళ్లకు కేసుల భయం అక్కర్లేకుండా చేసింది: హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వొచ్చు, సదుద్దేశంతో ఇస్తే ఏ కేసూ ఉండదు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు భార్యకు ఉంది. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.