కొత్త మీటలు, పాత వ్రేళ్లు

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అన్నారు పెద్దలు. మా కార్యాలయంలో ఈ సామెత తిరగబడింది. పోయిన నెల సంచిక పదిరోజులు ఆలస్యమేమని ఉత్తరాలు వ్రాసిన పాఠకులకు మా సంజాయిషీ ఇది.

మన పత్రిక పని రెండు కంప్యూటర్ల మీద నడుస్తున్నది. వానిలో విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టం ఉండేది. ఆపరేటింగ్ సిస్టం అంటే ఆ యంత్రపుటింటికి యజమానురాలు. తెర, మీటలు, ఫైళ్లు, ప్రింటరు అన్నీ ఆమె చెప్పుచేతలలో ఉంటవి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా సాధనం మా పాత యంత్రాలలో లేదు. కొత్తవి కొనే శక్తి సంఘానికి లేదు. కనుక, 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి ఆరంభించిన లినక్సుకు మారుదామని తీర్మానించుకొన్నాము. దానికి వెల లేదు గదా!

వెల లేకపోయినా సుంకం తప్పలేదు. ఫైలు పేరులో ఇంగ్లీషు పెద్దక్షరం బదులు చిన్నక్షరం పడితే లినక్సు దానిని వేరే ఫైలుగా ఎంచుతుంది. ఆ భేదమే ఎరుగని లిపి మనది. చందాదారుల జాబితా రెండు కాపురాలు పెట్టిన సంగతి మూడవనాటికిగాని మాకు తెలియలేదు.

ఇవన్నీ చిల్లర చికాకులు. అసలు దెబ్బ తెలుగు దగ్గర తగిలింది. మా పాత ఫైళ్లలో తెలుగుతనం పైకి కనబడే బొమ్మకే పరిమితం. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ఆ ఫాంటు లేనిచోట అవి అసలు రూపంలో బయటపడతవి. ఒక ముత్తవ్వగారు చెప్పగా వ్రాసుకొన్న పెళ్లిపాటల ఫైలు తెరిచాము. తెరనిండా పిచ్చిగీతలు! అందులో సగం ఇంకా అచ్చు కాలేదు. ఆ ముత్తవ్వగారు ఇప్పుడు లేరు.

ఇరవై ఏళ్లుగా మన పత్రికను కంపోజు చేస్తున్న ఆవిడ ఆనాడు కన్నీళ్లు పెట్టుకొన్నారు. “కళ్లు మూసుకొని కొట్టేదాన్నండీ. ఇప్పుడు ‘అమ్మ’ అని కొట్టడానికి మీటలు వెతుక్కుంటున్నాను. ఇక నేనెందుకండీ మీకు?” అన్నారు. మేము జవాబు చెప్పలేకపోయినాము. తీర్మానం చేసేనాడు ఆవిడను ఒక్కమాట అడిగినవారం కాము.

దారి చూపినవాడు మన సభ్యులొకరి కుమారుడు. బడిలో కన్నడం చదువుకొన్నవాడు. “పిన్నిగారూ, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి నేర్చుకోండి. కన్నడం, ఒడియా, మరాఠీ, తమిళం ఏదైనా ‘క’ ఉండే మీట ఒకటే. నేను కన్నడానికి నేర్చినది తెలుగుకూ పనికివచ్చింది” అన్నాడు. అందులో ఎడమచేతికి అచ్చులు, గుణింతాలు. కుడిచేతికి ముఖ్యంగా హల్లులు. ‘అమ్మ’కు డి, సి మీటలతోనే పని జరిగిపోతుంది. రోజుకొక గంట కూర్చుని ఆవిడ నేర్చుకొన్నారు.

పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మారుస్తున్నాము. మార్చే సాధనాలున్నా ఒత్తులు అక్కడక్కడ తారుమారవుతవి. ప్రతి పుటా మనిషి చదివి దిద్దవలసిందే. అందుకని ఒక యంత్రంలో పాత విండోస్‌నే ఉంచి, ఇంటర్నెట్టు తీసివేశాము. పెళ్లిపాటలు దానిలో చదవగలిగాము. అవి దక్కినవి.

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలకులు 2003లో లినక్సుకు మారాలని నిశ్చయించి, 2017లో మళ్లీ విండోస్‌కు మరలాలని తీర్మానించారు. అంతటివారికే తప్పని తంటా మాకు తప్పుతుందా అని ఊరట పొందుతున్నాము.

పాఠకులకు మనవి: తాతగారి జ్ఞాపకాలో, వంశవృక్షమో మీ ఇంట పాత తెలుగు ఫైళ్లలో ఉంటే ఈ వారమే తెరిచి చూడండి. చదవగలిగినప్పుడే యూనికోడ్‌లోకి మార్చి, కాగితం మీద ఒక ప్రతి తీసి ఉంచండి. ఇంట్లో కార్యాలయంలో యంత్రం మార్చేముందు దానిమీద పనిచేసే చేతులను అడగండి.

ఈ వ్యాసాన్ని ఆవిడే కొత్త మీటల మీద కంపోజు చేశారు. తప్పులుంటే అవి మావే.