మట్టి గేటు దాటితే జరిమానా!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆస్ట్రేలియాలో ఇల్లు కట్టేవాళ్లకు, కట్టించుకునేవాళ్లకు ఇంకో మాట కూడా కలపాలి... వాన పడ్డాక వీధిలోకి వెళ్లి చూడు! మీ సైటులోంచి ఎర్రనీళ్లు రోడ్డు పక్క కాలువలోకి పోతున్నాయంటే కౌన్సిల్ ఆఫీసరు కెమెరా తీస్తాడు. "వాన పడింది, మట్టి కొట్టుకుపోయింది, మధ్యలో నేనేం చేసేది?" అంటే ఇక్కడ చెల్లదు.

ఈ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నామంటే, మనవాళ్లకూ మట్టికీ ఇక్కడ సంబంధం బాగా పెరిగింది. సిడ్నీలో మార్స్‌డెన్ పార్క్, స్కోఫీల్డ్స్, బాక్స్ హిల్, మెల్‌బోర్న్‌లో టార్నీట్, ట్రుగనీనా... కొత్త లేఅవుట్లు ఎక్కడ వేస్తే అక్కడ తెలుగు ఇళ్లు కనిపిస్తున్నాయి. స్థలం కొన్నవాళ్లు మనవాళ్లు. సైటు ఇంజనీర్లలో మనవాళ్లున్నారు. వైట్ కార్డు తీసుకుని పార పట్టుకున్న లేబర్‌లో, శని ఆదివారాలు పనికొచ్చే విద్యార్థుల్లో కూడా ఉన్నారు. హెల్మెట్, బూట్లు, నిచ్చెన ఎక్కే పద్ధతి అందరికీ నేర్పిస్తారు. బురద గురించి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. మేం అడిగినవాళ్లలో చాలామందికి ఆ నల్ల గుడ్డ కంచె ఎందుకు కడతారో కూడా తెలియదు. "దుమ్ము లేవకుండా అనుకుంటా" అన్నాడొక తమ్ముడు!

కాలువలు రెండు

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మన ఊళ్లలో మురుగు, వాన నీళ్లు, చెత్త అన్నీ ఒకే నాలాలో కలిసి పోవడం చూసి పెరిగాం. ఇక్కడ అలా కాదు. బాత్‌రూమ్, వంటింటి నీళ్లు సీవర్ పైపులో శుద్ధి కేంద్రానికి వెళ్తాయి. రోడ్డు పక్క జాలీలోకి దిగే వాన నీళ్లది వేరే దారి. దాన్నే స్టార్మ్‌వాటర్ డ్రైన్ అంటారు. చాలాచోట్ల అది ఏ శుద్ధీ లేకుండా తిన్నగా దగ్గర్లోని వాగుకు పోతుంది. మార్స్‌డెన్ పార్క్ దగ్గర జాలీలో పడ్డ మట్టి ఈస్టర్న్ క్రీక్, సౌత్ క్రీక్ మీదుగా విండ్సర్ దగ్గర హాక్స్‌బరీ నదిలో తేలుతుంది. బ్రిస్బేన్‌లో అయితే మోరెటన్ బే దాకా వెళ్తుంది. అక్కడ సముద్రపు గడ్డి తిని బతికే డ్యూగాంగ్‌లున్నాయి. నీళ్లు బురదగా ఉంటే ఎండ లోపలికి దిగదు, గడ్డి పెరగదు. ఆ తర్వాతి సంగతి చెప్పక్కర్లేదు.

మట్టి కూడా కాలుష్యమేనా అని నవ్వేవాళ్లకు మన తుంగభద్ర డ్యామును గుర్తుచేస్తాం. 1953లో కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరీ చేరీ ఇప్పుడు సుమారు 105 దగ్గర ఆగింది. అనంతపురం, కర్నూలు రైతు ఏటేటా పోగొట్టుకుంటున్న ఆ నీళ్ల జాగాలో ఉన్నది మరేదో కాదు, పైనుంచి కొట్టుకొచ్చిన మట్టే. ఇళ్ల సైటు దానితో పోలిస్తే చిన్నదే. కానీ కొత్త లేఅవుట్‌లో అలాంటి సైట్లు వందల్లో ఒకేసారి గడ్డి గీకేసుకుని బోడిగా కూర్చుంటాయి.

చట్టం ఏమంటుంది?

న్యూసౌత్‌వేల్స్‌లో 1997 నాటి పర్యావరణ చట్టం 120వ సెక్షన్ ప్రకారం నీటిని కలుషితం చేయడం నేరం. కావాలని చేశారా, తెలియక చేశారా అన్నది నిరూపించనక్కర్లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. మట్టి వాగులో పడితేనే నేరం అనుకోకండి. వానకు కొట్టుకుపోయేచోట మట్టికుప్ప పోసి పెట్టినా చట్టం లెక్కలో అది నీటి కాలుష్యమే! అంటే ఎండ కాస్తున్న రోజున కూడా ఆఫీసరు నోటీసు ఇవ్వొచ్చు. జరిమానా వేల డాలర్లలో ఉంటుంది, కోర్టుకెక్కితే లెక్క వేరు. 2024లో ఆ రాష్ట్రం పర్యావరణ జరిమానాలను బాగా పెంచింది కూడా.

క్వీన్స్‌లాండ్‌లో 1994 చట్టం మట్టి, ఇసుక, సిమెంటు, రంగు నీళ్లను డ్రైన్‌లో కలపకూడదని విడిగా చెబుతుంది. విక్టోరియాలో 2021 జులై 1 నుంచి పర్యావరణానికి హాని జరగకుండా జాగ్రత్తపడటం కంపెనీలకే కాదు, ప్రతి ఒక్కరికీ బాధ్యత అయింది. సిడ్నీలో 2016 నుంచి నదీ సంఘాలు, కౌన్సిళ్లు, పర్యావరణ సంస్థ ఈపీఏ కలిసి 'గెట్ ద సైట్ రైట్' పేరుతో సైట్ల మీద తనిఖీలు చేస్తున్నాయి. ఒకే రోజు ఊరంతా తిరిగే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ చూసి భయపడమని కాదు. ఏం చేయాలో తెలిస్తే భయం అక్కర్లేదు, ఖర్చూ పెద్దది కాదు.

చౌడు నేల, చిల్లగింజ

పల్లెటూరి నుంచి వచ్చినవాళ్లకు ఈ సబ్జెక్టు సగం వచ్చేసినట్టే అంటాం మేం. ఎందుకంటే ఆస్ట్రేలియాలో చాలా నేలలు మన కారు చౌడు లాంటివే. మట్టిలో సోడియం ఎక్కువ. నీళ్లు తగలగానే బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి పాలలా విడిపోతాయి. ఒక్కో రేణువు మిల్లీమీటరులో ఐదువందల వంతు కంటే చిన్నది. గుంటలో నిలబెట్టినా రోజుల తరబడి అడుగుకు దిగదు. గుడ్డ కంచెలోంచి కూడా జారుకుంటుంది.

మీ సైటు మట్టి ఏ రకమో ఇంట్లోనే చూసుకోవచ్చు. గ్లాసులో వాన నీళ్లు గానీ డిస్టిల్డ్ వాటర్ గానీ పోసి, ఆరిన మట్టి పెళ్ల ఒకటి మెల్లగా వదలండి, కదిలించకండి. పెళ్ల విరిగిపోయినా నీళ్లు తేటగా ఉంటే ఫరవాలేదు. ఒకటి రెండు గంటల్లో పెళ్ల చుట్టూ పాలమబ్బు లేచిందంటే అది చౌడు జాతి. అడిలైడ్‌లోని సీఎస్ఐఆర్ఓలో పనిచేసిన ఎమర్సన్ అనే శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన పరీక్ష ఇది. ల్యాబుల్లో ఇప్పటికీ ఆయన పేరుతోనే చేస్తారు.

మందు కూడా మనకు తెలిసిందే... జిప్సం! కారు చౌడుకు మన రైతు చల్లేది అదే. అందులోని కాల్షియం సోడియాన్ని నెట్టేసి రేణువులను మళ్లీ దగ్గరకు చేరుస్తుంది. పెద్ద సైట్లలో బురదనీళ్లను పట్టి ఉంచే కుంటలుంటాయి. వంద ఘనపు మీటర్ల నీటికి సుమారు 30 కిలోల లెక్కన జిప్సంను నీళ్ల మీద అంతటా సమంగా చల్లుతారు. ఒకచోట గుమ్మరిస్తే పనిచేయదు. బురద కిందికి దిగి, లీటరు నీటిలో 50 మిల్లీగ్రాములకు మించి లేకుండా తేరిన తర్వాతే వదులుతారు. మన అమ్మమ్మలు బిందె లోపల చిల్లగింజ అరగదీసి ఏటినీళ్లను తేటపరిచేవాళ్లు కదా, పనిచేసే తీరు వేరైనా ఫలితం అదే.

కంచె ఒక్కటే చాలదు

ఈ పనులకు సిడ్నీ వైపు బైబిల్ లాంటి పుస్తకం ఒకటుంది. లాండ్‌కామ్ సంస్థ 2004లో తెచ్చిన నాలుగో ముద్రణను సైట్లలో 'బ్లూ బుక్' అంటారు. వందల పేజీలు. అందులో ఇళ్ల సైటుకు పనికొచ్చే సంగతులు కొన్ని చెప్పుకుందాం.

మొదటిది, పైనుంచి వచ్చే మంచి నీళ్లను సైటులోకి రానివ్వకండి. ఎగువన చిన్న కాలువ తీసి పక్కకు మళ్లించండి. పొలానికి ఎగువ గట్టు వేసే తెలివే ఇది. చాలామంది దిగువన కంచె కట్టేసి పని అయిపోయిందనుకుంటారు. ఎగువ నుంచి వరద వస్తే ఏ కంచె ఆగుతుంది?

ఇక కంచె సంగతి. గుడ్డ అడుగు అంచును 150 మిల్లీమీటర్ల లోతు గాడి తీసి పూడ్చాలి. మేకులు రెండున్నర మీటర్లకు మించి దూరం ఉండకూడదు. కంచె వాలుకు అడ్డంగా, సమమట్టంగా సాగి, రెండు చివరలూ పైకి తిరగాలి. లేకపోతే నీళ్లు చివర నుంచి చుట్టు తిరిగి పోతాయి. గాడి తీయకుండా గుడ్డను నేలమీద వేలాడదీసిన కంచెలు మేం లెక్కలేనన్ని చూశాం. అది కంచె కాదు, కర్టెన్. డెలివరీ లారీ తొక్కేసిన కంచెను ఎవరూ తిరిగి నిలబెట్టకపోవడం ఇంకో జబ్బు. "మన పని కాదు కదన్నా" అంటారు. వాన వచ్చాక అది అందరి పనీ అవుతుంది.

మట్టికుప్పను రోడ్డుకూ, నీళ్లు పారే దారికీ కనీసం రెండు మీటర్ల దూరంలో పెట్టాలి. ఎత్తు రెండు మీటర్లు దాటకూడదు. ఫుట్‌పాత్ పక్క గడ్డి మీద ఇసుక దింపించుకోవడం మనకు అలవాటు, ఇక్కడ నోటీసు అక్కడినుంచే మొదలవుతుంది. గేటు దగ్గర కంకర పరిచిన దారి ఒకటే ఉంచితే లారీ చక్రాల మట్టి రోడ్డెక్కదు. ఎక్కితే పొడిగా ఊడ్చి ఎత్తాలి. పైపు పెట్టి రోడ్డు కడిగేయడం మాత్రం వద్దేవద్దు, అది మట్టిని మన చేత్తో వాగులో పోసినట్టే. ఇటుక కోసిన నీళ్లు, కాంక్రీటు కడిగిన నీళ్లు ఇంకా ప్రమాదం. సున్నపు ఘాటుకు చేపలు చస్తాయి. పైకప్పు వేసిన రోజే తాత్కాలిక డౌన్‌పైపులు తగిలించి కప్పు నీళ్లను డ్రైన్‌కు కలిపేస్తే సైటు సగం బురద తగ్గుతుంది. ఇంత సులువైన పనిని ఎందుకు వాయిదా వేస్తారో మాకిప్పటికీ అర్థం కాదు.

అన్నిటికన్నా చవకైన పని నేలను కప్పి ఉంచడం. బోడి నేల నుంచి కొట్టుకుపోయే మట్టిని ఒకటి అనుకుంటే, 70 శాతం గడ్డి గానీ కప్పు గానీ ఉన్న నేల నుంచి పోయేది అందులో ఇరవయ్యో వంతే అని బ్లూ బుక్ లెక్క. కాబట్టి కట్టే మేర మాత్రమే గడ్డి గీకండి. మిగతాచోట కొబ్బరిపీచు చాపో, గోనెనార వలో, గడ్డి పరుపో వేయండి. 2022లో సిడ్నీలో 2,500 మిల్లీమీటర్లు దాటి వాన పడింది, 1950 నాటి 2,194 రికార్డు బద్దలైంది. హైదరాబాద్‌కు మూడేళ్ల వాన అది! అలాంటి ఏడాది నేలను వదిలేసిన సైట్లు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

పంపు స్విచ్ ఎవరు వేస్తారు?

ఇది లేబర్‌లో పనిచేసే తమ్ముళ్ల కోసం. మాకు తెలిసిన గుంటూరు జిల్లా కుర్రాడొకడు పడమటి సిడ్నీలో ఒక చిన్న బిల్డరు దగ్గర పనిచేసేవాడు. శుక్రవారం సాయంత్రం, పునాది గుంట నిండా బురదనీళ్లు. సూపర్‌వైజరు "పంపు పెట్టి రోడ్డు మీదికి కొట్టేసి ఇంటికెళ్లు" అన్నాడట. కుర్రాడికి అనుమానమొచ్చి, సీనియర్ అయిన పాలమూరు అన్నకు ఫోన్ చేశాడు.

"అన్నా, వాళ్లు చెప్పిందే కదా, నాకేం సంబంధం?"

"సెక్షన్ల కంపెనీ అని లేదురా తమ్మీ, మనిషి అని ఉంది. స్విచ్ ఏసేది నువ్వే కద? కొట్లాడకు, మంచిగ మెసేజ్ పెట్టి అడుగు."

కుర్రాడు సూపర్‌వైజరుకు గుంట ఫొటో పంపి, "నీళ్లు ఇంకా మురికిగా ఉన్నాయి, డ్రైన్‌లోకే వదలమంటారా?" అని రాశాడు. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది... "వద్దు, సోమవారం జిప్సం వేద్దాం." నోటితో చెప్పడం వేరు, రాతలో ఒప్పుకోవడం వేరు!

వీసా భయంతో నోరు మెదపలేని పరిస్థితి మాకు తెలియంది కాదు. అందుకే ఎదురు తిరగమని చెప్పం, రాతపూర్వకంగా అడగమంటాం. పెద్ద నష్టం జరిగే ఘటన కళ్లముందు జరిగితే వెంటనే యజమానికి చెప్పడం ఉద్యోగి బాధ్యతని న్యూసౌత్‌వేల్స్ చట్టమే అంటోంది. ఆ రాష్ట్రంలో ఎవరైనా ఈపీఏకు ఫోన్ చేసి చెప్పాలంటే 131 555 నంబరు ఉంది.

సివిల్ చదివి వచ్చి సరైన ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లకు ఓ మాట. ఈ మట్టి పనిలోనే సీపీఈఎస్‌సీ అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉంది. పెద్ద ప్రాజెక్టుల్లో కుంటల లెక్కలు వేసేందుకు, సైటు తనిఖీకి అది ఉన్నవాళ్లను పిలుస్తారు. నేల లెక్కలు, వాన లెక్కలు మన కాలేజీల్లో చదివినవే.

చివరగా ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లకు. గృహప్రవేశం ఫొటోల్లో బాగోదని ముందురోజే నల్ల గుడ్డ పీకేసినవాళ్లను చూశాం. ముందు పెరట్లో పచ్చిక వేరు పట్టేదాకా దాన్ని ఉండనివ్వండి. పాలు పొంగించేది ఎటూ ఇంటి లోపలే కదా, ఫొటోలు అక్కడ తీసుకోండి.