ఫోన్‌లో చోటుకూ నెల అద్దె!
మాయమవుతున్న మెమరీ కార్డు స్లాట్. రెండు సిమ్‌ల కుటుంబాలపై భారం

సిర్గిట్టి (బిలాస్‌పూర్): ఒకసారి కొంటే ఏళ్ల తరబడి పనిచేసే మెమరీ కార్డుకు స్మార్ట్‌ఫోన్లలో స్థానం లేకుండా పోతున్నది. ఖరీదైన ఫోన్లలో చాలావాటి నుంచి తయారీ సంస్థలు కార్డు స్లాట్‌ను పూర్తిగా తొలగించాయి. తక్కువ ధర ఫోన్లలో స్లాట్ వున్నా, అనేక మోడళ్లలో దానిని రెండవ సిమ్‌తో పంచుకోవలసి వస్తున్నది. ఫోన్ నిండిపోయినప్పుడు వినియోగదారునికి మిగిలే మార్గం ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో దూరాన వున్న సర్వర్లలో, అంటే ‘క్లౌడ్’లో, ఫోటోలనూ వీడియోలనూ దాచుకోవడమే. ఈ మార్గంలో డేటాకు ఒక ఖర్చు, చోటుకు మరొక ఖర్చు తప్పవు. ఇటీవలి కాలంలో ఈ రెండింటినీ కలిపి టెలికాం సంస్థలే వినియోగదారుల ముందు వుంచుతున్నాయి.

కొనుక్కొనే వస్తువు నెలనెలా చెల్లించే అద్దెగా మారడం ఇందులోని అసలు విషయం. రెండు సిమ్‌లు వాడక తప్పని వారికి ఈ మార్పు మరింత ఇబ్బందికరం. బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలోని తెలుగు కుటుంబాలను ఇందుకు ఉదాహరణగా చెప్పుకోవచ్చు.

రెండు రాష్ట్రాలు, రెండు సిమ్‌లు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ బిలాస్‌పూర్ పెద్ద జంక్షన్. నాగపూర్-అసన్‌సోల్ మార్గం 1891 నాటికి పూర్తయింది. తర్వాతి కాలంలో ఆగ్నేయ రైల్వే జోన్‌లో వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ వుండేవి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉద్యోగార్థం వచ్చినవారు ఇక్కడ స్థిరపడ్డారు. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడగా, వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేలో చేరింది. జోన్లు వేరైనా రాకపోకలు ఆగలేదు. కోర్బా-విశాఖపట్నం, బిలాస్‌పూర్-తిరుపతి ఎక్స్‌ప్రెస్‌లు ఈ అనుబంధాన్ని నిలబెడుతున్నాయి. రైల్వే స్టేషన్‌కు చేరువలోని సిర్గిట్టి పారిశ్రామిక వాడ కూడా ఈ రైల్వే పట్టణంలో భాగంగానే పెరిగింది.

టెలికాం పటంలో మాత్రం ఈ రెండు ప్రాంతాలు వేర్వేరు సర్కిళ్లు. ఛత్తీస్‌గఢ్ మధ్యప్రదేశ్ సర్కిల్‌లోనూ, రెండు తెలుగు రాష్ట్రాలూ ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనూ వున్నాయి. రోమింగ్ చార్జీలు అధికంగా వున్న రోజుల్లో సర్కిల్‌కొక సిమ్ వుంచుకోవడం పొదుపు మార్గం. 2015 జూలై నుంచి దేశంలో ఎక్కడికైనా అదే నెంబరుతో మారే వీలు కలిగినప్పటికీ, బ్యాంకు ఖాతాకూ, ఆధార్‌కూ ముడిపడిన పాత నెంబరును వదులుకోవడం అంత సులభం కాదు.

రైల్వే ఉద్యోగి విషయంలో ఇంకొక సిమ్ చేరుతుంది. విధి నిర్వహణకు రైల్వే శాఖ ఇచ్చే క్లోజ్డ్ యూజర్ గ్రూప్ సిమ్‌ను ఉద్యోగులు ‘సీయూజీ’ అని పిలుస్తారు. ఈ నెంబరు చాలావరకు పదవికి చెందినదే గాని వ్యక్తికి చెందినది కాదు. అధికారి బదిలీ అయితే నెంబరు ఆ కుర్చీలోకి వచ్చిన వారికి దక్కుతుంది. అందువల్ల సొంత నెంబరు విడిగా వుంచుకోక తప్పదు. సిమ్ ట్రేలో రెండు గదులే వుండి, రెండవది సిమ్‌కు గాని కార్డుకు గాని మాత్రమే పనికివచ్చే ‘హైబ్రిడ్’ రకం ఫోన్ అయితే, మెమరీ కార్డుకు చోటు లేనట్లే. స్లాట్ వున్నదని చెప్పి అమ్మిన ఫోన్ ఇటువంటివారి విషయంలో స్లాట్ లేని ఫోన్‌తో సమానం.

నెలకు 30 జీబీ, దాచేందుకు చోటేదీ?

రైల్వే సీయూజీ ఒప్పందం 2018 చివరి వరకు ఎయిర్‌టెల్ వద్ద వుండేది. సుమారు 1.95 లక్షల కనెక్షన్లకు రైల్వే శాఖ ఏటా దాదాపు రూ.100 కోట్లు చెల్లించేది. 2019 జనవరి 1 నుంచి ఈ సేవలు జియోకు మారాయి. బిల్లులు 35 శాతం మేర తగ్గుతాయని అప్పట్లో అంచనా వేశారు. అప్పుడు ప్రకటించిన ప్యాకేజీలలో గ్రూప్-సి ఉద్యోగులకు నెలకు రూ.67 అద్దెపై 30 జీబీ, ఉన్నతాధికారులకు రూ.125పై 60 జీబీ డేటా కేటాయించారు.

ఒక నెలలో 30 జీబీ డేటా దింపుకొనే హక్కు వున్న ఉద్యోగి చేతిలో ఆ కాలపు సాధారణ ఫోన్ మొత్తం నిల్వ సామర్థ్యం 16 లేదా 32 జీబీ మాత్రమే. డేటా చౌక కావడంతో ఫోన్‌లోకి వచ్చే సరకు పెరిగింది, దానిని వుంచే గిడ్డంగి ఆ వేగంతో పెరగలేదు. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమైన తర్వాత దేశమంతటా కనిపించిన పరిస్థితి ఇదే.

దీని ఫలితం 2018 నాటికే బయటపడింది. భారతదేశంలో ప్రతి ముగ్గురు స్మార్ట్‌ఫోన్ వినియోగదారులలో ఒకరికి రోజూ ఫోన్‌లో చోటు చాలడం లేదని, అమెరికాలో ఇది పదిమందిలో ఒకరికేనని నిల్వ పరికరాల తయారీ సంస్థ వెస్టర్న్ డిజిటల్ తెలిపింది. ఉదయాన్నే వాట్సాప్‌లో వచ్చిపడే ‘గుడ్ మార్నింగ్’ బొమ్మలు ఇందుకు ఒక ముఖ్య కారణమని గూగుల్ గుర్తించింది. అనవసర ఫైళ్లను ఏరిపారేసే ‘ఫైల్స్ గో’ అనే యాప్‌ను 2017 డిసెంబరులో ఆ సంస్థ విడుదల చేసింది కూడా.

ఫోన్ నిండిపోవడం వినోదానికి మాత్రమే ఇబ్బంది కాదు. 2020 ఆగస్టు నుంచి రైల్వే ఉద్యోగుల పాసులు కూడా ఆన్‌లైన్ అయ్యాయి. పాసు, టికెట్టు, బ్యాంకు లావాదేవీ, పిల్లల పాఠం అన్నీ ఫోన్ మీదనే నడుస్తున్నప్పుడు, ‘చోటు లేదు’ అనే సందేశం వస్తే యాప్ నవీకరణ నిలిచిపోతుంది, పని ఆగిపోతుంది. అప్పుడు తొలగింపుకు గురయ్యేవి పాత ఫోటోలే.

ముద్రించినది ఒకటి, మిగిలేది మరొకటి

పెట్టె మీద ముద్రించిన సామర్థ్యమంతా కొనుగోలుదారునికి దక్కదు. ఆపరేటింగ్ సిస్టం, తయారీదారు ముందే వేసి ఇచ్చే యాప్‌లు అందులో కొంత భాగాన్ని ఆక్రమిస్తాయి. బ్రిటన్‌లోని వినియోగదారుల సంస్థ ‘విచ్?’ 2014 జనవరిలో జరిపిన పరిశీలనలో, 16 జీబీ శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4లో వినియోగానికి మిగిలినది 8.56 జీబీ మాత్రమేనని తేలింది. అదే పరిశీలనలో 16 జీబీ ఐఫోన్ 5సీలో 12.6 జీబీ మిగిలింది. అయితే గెలాక్సీలో కార్డు వేసుకొనే వీలుండగా, ఐఫోన్‌లో అది లేదు.

2007లో వచ్చిన తొలి ఐఫోన్ నుంచీ ఆపిల్ కార్డు స్లాట్‌ను ఇవ్వలేదు. గూగుల్ తన 2010 నాటి నెక్సస్ వన్ ఫోన్‌లో స్లాట్ ఇచ్చి, ఆ సంవత్సరాంతాన వచ్చిన నెక్సస్ ఎస్‌లో తీసివేసింది. శామ్‌సంగ్ 2015లో గెలాక్సీ ఎస్6 నుంచి తొలగించి, 2016లో ఎస్7లో తిరిగి చేర్చి, 2021లో ఎస్21 నుంచి మళ్లీ తొలగించింది.

తొలగింపునకు సాంకేతిక కారణాలు లేకపోలేదు. లోపలి మెమరీ కార్డుకంటే ఎన్నో రెట్లు వేగంగా పనిచేస్తుంది. నాసిరకం కార్డు వల్ల ఫోన్ మందగిస్తే నింద తయారీదారు మీద పడుతుంది. సాధారణంగా కార్డులోని ఫోటోలు దొంగ చేతికి సులభంగా చిక్కుతాయి. కానీ వ్యాపార కారణం కూడా వున్నది. 2023 సెప్టెంబరులో విడుదలైన ఐఫోన్ 15 ధర భారతదేశంలో 128 జీబీకి రూ.79,900, 256 జీబీకి రూ.89,900. అంటే అదనపు 128 జీబీకి పదివేల రూపాయలు. అదే కాలంలో అంతే సామర్థ్యం గల మెమరీ కార్డు వెయ్యి రూపాయల ప్రాంతంలో దొరికేది. వేగంలో తేడా వున్నమాట నిజమే అయినా, పెళ్లి ఫోటోలు దాచుకోవడానికి ఆ వేగం అవసరం లేదు.

ఆపరేటర్ల పాత్ర

అమెరికాలో ఫోన్ల విక్రయం చాలాకాలం టెలికాం సంస్థల చేతుల్లోనే సాగింది. రెండేళ్ల ఒప్పందంపై ధర తగ్గించి ఇచ్చే ఆ సంస్థలే ఫోన్‌లో ఏమి వుండాలో, ఏమి వుండరాదో నిర్ణయించేవి. 2004లో వెరిజాన్ సంస్థ విక్రయించిన మోటరోలా వి710 ఫోన్‌లో బ్లూటూత్ ద్వారా ఫోటోలు బదిలీ చేసే సదుపాయాన్ని నిలిపివేశారు. ఫోన్‌లోని ఫోటోను సొంత కంప్యూటర్‌కు బ్లూటూత్ ద్వారా ఉచితంగా పంపుకొనే దారి దీనితో మూసుకుపోయింది. దీనిపై వినియోగదారులు 2005లో కాలిఫోర్నియాలో కోర్టుకెక్కారు.

భారతదేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ ఫోన్ ఒకచోట, సిమ్ ఒకచోట కొనడమే అలవాటు. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ రూ.501 చెల్లింపుతో ఇచ్చిన సీడీఎంఏ ఫోన్లు, 2017లో రూ.1,500 డిపాజిట్‌పై వచ్చిన జియోఫోన్ ఇందుకు మినహాయింపులు. అవి ఆ సంస్థల నెట్‌వర్క్‌కే పరిమితం. కాగా, 4 జీబీ నిల్వ గల జియోఫోన్‌లోనూ, 2021 నవంబరులో రూ.6,499కి వచ్చిన జియోఫోన్ నెక్స్ట్‌లోనూ మెమరీ కార్డు స్లాట్ వుండడం గమనార్హం. కనుక స్లాట్‌ను మాయం చేసినది ఆపరేటర్లని అనడం సరికాదు. ఆ పని తయారీదారులది. ఏర్పడిన ఖాళీలో వ్యాపారం వెదుక్కొన్నది మాత్రం ఆపరేటర్లు.

గూగుల్ ఫోటోస్‌లో అపరిమిత ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ముగిసింది. ఫోటోలు, మెయిల్, ఇతర ఫైళ్లు అన్నింటికీ కలిపి 15 జీబీ మాత్రమే ఉచితంగా మిగిలింది. తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ లెక్కలోకే వచ్చింది. ఈ నేపథ్యంలో జియో 2024 ఆగస్టులో తన వినియోగదారులకు 100 జీబీ ఉచిత క్లౌడ్ నిల్వను ప్రకటించింది. ఎయిర్‌టెల్ 2025 మేలో గూగుల్‌తో చేతులు కలిపి పోస్ట్‌పెయిడ్, వైఫై ఖాతాదారులకు ఆరు నెలల పాటు 100 జీబీ ఉచితమనీ, తర్వాత నెలకు రూ.125 అనీ తెలిపింది. 2025 అక్టోబరులో జియో తన అపరిమిత 5జీ ఖాతాదారులకు గూగుల్ జెమినీ సేవతోపాటు 2 టీబీ నిల్వను 18 నెలలపాటు ఉచితంగా ఇవ్వజూపింది.

ఉచితం ముగిసిన తర్వాతి లెక్క సరళమైనది. నెలకు రూ.125 అంటే ఏడాదికి రూ.1,500, మూడేళ్లకు రూ.4,500. వెయ్యి రూపాయల కార్డు చేసే పనికి ఇంత ఖర్చు. చెల్లింపు ఆపితే కొత్త ఫోటోలు దాచుకొనే వీలుండదు. ఏళ్ల తరబడి పేరుకొన్న ఫోటోలను తిరిగి దింపుకొనేందుకు ఫోన్‌లో చోటు వుండదు. ఆపరేటర్‌ను మార్చుకోవాలనుకొనే వినియోగదారుని కాళ్లకు ఇదొక బంధం అవుతుంది. నెంబరును వెంట తీసుకుపోయే హక్కు వున్నది గాని, క్లౌడ్‌లోని ఫోటోలకు అటువంటి సులువైన ఏర్పాటు లేదు. పైగా రోజుకు 1.5 జీబీ ప్లాన్ వాడేవారు 20 జీబీ ఫోటోలను క్లౌడ్‌కు చేర్చాలంటే దాదాపు రెండు వారాల డేటా మొత్తం దానికే సరిపోతుంది.

రెండు సిమ్‌ల భారం దీనికి అదనం. 2024 జూలై పెంపు తర్వాత 28 రోజుల కనీస స్థాయి ప్లాన్ ఎయిర్‌టెల్‌లో రూ.199కి, జియోలో రూ.189కి చేరింది. రెండు నెంబర్లు సజీవంగా వుంచడానికే రూ.388 కావలసి వచ్చింది. డేటా అవసరం లేని వారికి విడిగా కాల్స్, ఎస్సెమ్మెస్ ప్లాన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించడానికి నేపథ్యం ఇదే.

చట్టం ఎంతవరకు?

ఆపరేటర్ల ఆధిపత్యంపై నియంత్రణ సంస్థలు గతంలో స్పందించాయి. ఇంటర్నెట్‌లో ఏ సమాచారం చూస్తున్నారన్న దాన్నిబట్టి వేర్వేరు ధరలు వసూలు చేయరాదని 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిషేధం విధించింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే వేసే యాప్‌ల విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా విధిస్తూ, ఆ యాప్‌లను తొలగించుకొనే స్వేచ్ఛ వినియోగదారునికి వుండాలని ఆదేశించింది. 2023 మార్చిలో అప్పీలు ట్రైబ్యునల్ జరిమానాను సమర్థించినప్పటికీ, తొలగింపు స్వేచ్ఛతోసహా కొన్ని ఆదేశాలను కొట్టివేసింది.

ఫోన్లు ఎంత సులభంగా మరమ్మతుకు వీలవుతాయో తెలిపే సూచికపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన కమిటీ 2025 మేలో నివేదిక సమర్పించింది. నిల్వ పెంచుకొనే సదుపాయాన్ని కూడా ఇటువంటి సూచికలో చేర్చితే కొనుగోలుదారుకు ముందే తెలిసివస్తుంది. మొత్తం సామర్థ్యంతోపాటు వాడుకకు మిగిలేది ఎంతో పెట్టెపై ముద్రించడం, స్లాట్ విడిగా వున్నదా హైబ్రిడ్ రకమా స్పష్టం చేయడం తయారీదారులకు పెద్ద ఖర్చు కాదు.

ఈ-సిమ్ వల్ల ట్రేలో ఒక గది ఖాళీ అయ్యే అవకాశం వున్నది. కానీ ఈ సదుపాయం ఎక్కువగా ఖరీదైన ఫోన్లకే పరిమితం, వాటిలో కార్డు స్లాట్ అరుదు. ఇదిలా వుండగా, కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరిలో మెమరీ చిప్‌ల ధరలు ప్రపంచవ్యాప్తంగా పెరిగాయి. ఎక్కువ నిల్వ గల ఫోన్ కొనడం మరింత భారమైన ఈ సమయంలో, ఉచిత క్లౌడ్ ప్రకటనలు సహజంగానే ఆకర్షిస్తాయి. గడువు ముగిసే తేదీని, ఆ తర్వాతి ధరను చూడకుండా వాటిని అంగీకరించిన కుటుంబం, తన జ్ఞాపకాలకు తానే అద్దె చెల్లించవలసిన స్థితికి చేరుకుంటుంది.