ఎడారి గులాబీకి కొమ్ములు మొలిచాయి



ఆఫీసు గది మెట్ల పక్కన వార్డెన్ సారు పెంచిన ఎడారి గులాబీ మీ అందరికీ తెలుసు. దాని అసలు పేరు అడీనియం. ఇప్పుడు అక్కడ ఖాళీ కుండీ ఉంది. ఆ మొక్క చచ్చిపోవడానికి కారణం నేనే. అది ఎలా జరిగిందో, దాని వల్ల నేను ఏం నేర్చుకున్నానో రాస్తున్నాను.

ఈ మొక్క మన దేశానిది కాదు. ఆఫ్రికా, అరేబియా దేశాల్లో వానలు తక్కువ పడే చోట్ల పుట్టింది. అందుకే లావుగా ఉబ్బిన మొదట్లో నీళ్లు దాచుకుంటుంది. కలబంద ఆకుల్లో దాచుకున్నట్టే ఇది కాండంలో దాచుకుంటుంది. ఆ సంగతి నాకు తెలియదు. జులైలో ముసురు పట్టినా, నా డ్యూటీ కదా అని రోజూ చెంబుడు నీళ్లు పోశాను. ఆకులు పచ్చబడి రాలుతుంటే నీళ్లు చాలడం లేదనుకుని రెండు చెంబులు పోశాను. ఒకరోజు మొదలు నొక్కితే కుళ్లిన దుంపలోకి దిగినట్టు వేలు దిగిపోయింది.

అంతకుముందే ఆ మొక్కకు ఎద్దు కొమ్ముల్లాగా రెండు కాయలు వచ్చాయి. మనం దాన్ని తెగులు అనుకున్నాం. మూడో తరగతి తమ్ముడొకడు చిక్కుడుకాయ అనుకుని ఒకటి తెంపేశాడు. లోపల లేత గింజలు తెల్లగా ఉన్నాయి. అవి మొలవవు. నోట్లో పెట్టుకోలేదు కాబట్టి సరిపోయింది. ఈ మొక్క గన్నేరు కుటుంబానిది. దీని పాలు విషం. ఆఫ్రికాలో వేటగాళ్లు బాణాలకు పూసేవారట. ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

కాయను ఇలా గుర్తుపట్టాలి. ఒక్క పువ్వు నుంచే రెండు కాయలు జంటగా వస్తాయి. మొదట్లో ఆకుపచ్చగా ఉండి, రెండు మూడు నెలలకు ముదిరి గోధుమ రంగుకు తిరుగుతాయి. తర్వాత నిలువునా పగులుతాయి. గింజ సన్నటి పుల్లముక్కలాగా ఉంటుంది. జిల్లేడు గింజకు ఒక కొనకే దూది ఉంటుంది కదా, దీనికి రెండు కొనలకూ ఉంటుంది. పగిలిన కాయను వదిలేస్తే గాలికి అన్నీ ఎగిరిపోతాయి. అందుకే సారు మిగిలిన కాయకు ముందే దారం చుట్టారు. మొక్క పోయే లోపే ఆ కాయ పగిలింది. 26 గింజలు దొరికాయి.

నాచు పూల మొక్క కాయ వేరుగా ఉంటుంది. జొన్నగింజంత బుడిపె. పండితే కుండ మీది మూకుడులాగా పైమూత ఊడుతుంది. లోపల ఆవాల కంటే చిన్న గింజలుంటాయి. మనం పప్పులో వేసుకునే గంగపాయల కూరకూ ఇలాంటి కాయే. రెండూ ఒకే ప్రజాతివి. కావాలంటే బావి దగ్గర చూడండి.

గింజలు వేసే పద్ధతి: సగం ఇసుక, సగం ఎర్రమట్టి, కొంచెం మాగిన పేడ ఎరువు కలపాలి. డబ్బా అడుగున చిల్లులు ఉండాలి. గింజను పడుకోబెట్టి, పైన పల్చగా ఇసుక చల్లాలి. తడి చిలకరించాలి గాని పోయకూడదు. కొత్త గింజ అయితే వారానికి మొలుస్తుంది. కొమ్మ నాటినా బతుకుతుంది గాని, గింజ మొక్కకు వచ్చినంత లావు మొదలు దానికి రాదు. మొక్క పెద్దదయ్యాక మట్టిలో వేలు పెట్టి చూసి, ఎండితేనే నీళ్లు పోయాలి. వానాకాలం చూరు కింద పెట్టాలి.

నేను వేసిన 26లో 17 మొలిచాయి. ఇప్పుడు 9 మిగిలాయి. వంటగది కిటికీ పక్కన నూనె డబ్బాల్లో ఉన్నాయి. జాలిపడి ఎవరూ నీళ్లు పోయకండి!

వార్డెన్ సారూ, మీ మొక్కను తిరిగి తేలేను. దాని పిల్లల్ని మాత్రం పూసేదాకా చూసుకుంటాను. నేను పదో తరగతి అయిపోయి వెళ్లేటప్పటికి పూయకపోతే, తర్వాత ఈ డ్యూటీ ఎవరు తీసుకుంటారో ఈ గోడ మీదే పేరు రాయండి.

ఇట్లు,
మొక్కల డ్యూటీ లీడరు,
9వ తరగతి