గోదామునకు స్ప్రింక్లర్లు: ముందు నీటి లెక్క, తరువాత గొట్టముల లెక్క

పులివెందుల ప్రాంతపు రైతునకు స్ప్రింక్లరను మాట క్రొత్తది కాదు. వేరుసెనగ చేనిలో గొట్టములు పరచి, బోరు మోటారు వేసి, తలలు గిరగిర తిరుగుచు నీరు చిమ్ముచుండగా గట్టుమీద నిలిచి చూడనివాడు మనలో అరుదు. మోటారు శక్తికి మించి తలలు తగిలించినచో చివరి తల నీరసించుననియు, లావు గొట్టము ఉండవలసిన చోట సన్నపు గొట్టము అతికినచో నీటి ఊపు చచ్చుననియు మనకు వేఱొకరు చెప్పనక్కరలేదు. ఈ యనుభవము ఇప్పుడు మఱియొక పనికి అక్కరకు వచ్చుచున్నది.

2023వ సంవత్సరము మే 31వ తేదీన కేంద్రప్రభుత్వము సహకార రంగమున ధాన్యపు గోదాములు నిర్మించు పథకమును ఆమోదించినది. అప్పటినుండి సంఘములలో గోదాముల ప్రస్తావన తరచుగ వినవచ్చుచున్నది. మన సభ్యులు కొందఱు, కప్పు క్రింద అగ్నినివారణ స్ప్రింక్లర్లు పెట్టింపవలెనా, పెట్టించినచో నీరెంత కావలెను, సరకు తడిసి బూజు పట్టదా యని మమ్ము అడిగియున్నారు. ఇంకొందఱు ఇది పట్టణపు దుకాణములకును హోటళ్లకును తగిన వేడుకగాని మనకేల యనిరి. మేమట్లు తలంపము. గోదాములో నున్నది రైతు సరకు. 2007వ సంవత్సరపు గోదాముల చట్టమును బట్టి, రిజిష్టరైన గోదాము ఇచ్చు రసీదును బ్యాంకులో పెట్టి రైతు అప్పు తెచ్చుకొనవచ్చును. సరకు కాలినను అప్పు కాలదు. 2023లో గుంటూరు జిల్లా దుగ్గిరాలలో ఒక కోల్డు స్టోరేజి అంటుకొన్నప్పుడు బూడిదయైనది రైతులు ధర కొఱకు దాచుకొన్న పసుపే.

ఈ పరికరము పుట్టినది కూడ పత్తి పరిశ్రమ భయములోనుండియే. ఇంగ్లండునందును అమెరికాయందును నూలుమిల్లుల యజమానులు మొదట కప్పు క్రింద చిల్లులు పొడిచిన గొట్టములు కట్టించిరి. నిప్పు కనబడగానే ఒకడు పరుగెత్తి కవాటము త్రిప్పవలెను. త్రిప్పగనే గది యంతయు, కాలుచున్న మూలయు కాలని మూలయు, ఒక్కతీరున తడియును. అదియే మన చేని స్ప్రింక్లరు పద్ధతి. 1874లో అమెరికాలోని న్యూహేవెను పట్టణమున హెన్రీ పార్మెలీ యను పియానోల కర్మాగారపు యజమాని, వేడికి కరగు లోహముతో మూతవేసిన తలలను తన కర్మాగారములో పెట్టించెను. తరువాత ఫ్రెడరికు గ్రిన్నెలు దానిని బాగుచేసెను. అంతకు పూర్వమే, 1835లో, రోడు ఐలండు రాష్ట్రపు మిల్లు యజమాని జకరయ్య ఆలెను తన మిల్లును అగ్నినుండి జాగ్రత్త చేసికొన్నందుకు భీమా సొమ్ము తగ్గింపుడని అడుగగా కంపెనీవారు నిరాకరించిరి. అతడు తోడి యజమానులను కూడగట్టుకొని పరస్పర భీమా సంఘమును స్థాపించెను. మిల్లులలో స్ప్రింక్లర్లు వ్యాపించుటకు ఇట్టి పరస్పర సంఘములే ముఖ్యకారణము. సహకారులమైన మనకు ఈ సంగతి తెలియుట మంచిది.

నేటి స్ప్రింక్లరులో నీటిని ఆపి యుంచునది చిటికెనవ్రేలి కొనకంటె సన్నని గాజుబుడ్డి. అందులో రంగుద్రవముండును. వేడి తగిలి ద్రవము పొంగగా బుడ్డి పగులును. పగిలిన ఆ ఒక్క తలనుండియే నీరు దిగును. సినిమాలలో చూపినట్లు అన్ని తలలును ఒక్కమాటుగ తెఱచుకొనవు. పొగకు పగులవు, బీడీ పొగకు అసలే పగులవు. కనుక సరకు తడియునను భయము సగము తీరవలెను. ఒక మూల నాలుగు తలలు తెఱచుకొన్నచో ఆ మూలనున్న బస్తాలే తడియును. వానిని వెంటనే ఎండబోయక తప్పదు, బూజు పట్టిన వేరుసెనగ విషతుల్యము. అయినను అగ్నిమాపక శకటము వచ్చి లావు గొట్టముతో కొట్టునప్పుడు తడియుదానికంటె ఇది తక్కువయే.

బుడ్డి రంగు దాని వేడిని తెలుపును. ఎఱుపు 68 డిగ్రీలకు, పసుపు 79 డిగ్రీలకు, ఆకుపచ్చ 93 డిగ్రీలకు పగులును. కప్పు క్రింద ఉండు మిక్కిలి వేడికి రమారమి 30 డిగ్రీలు హెచ్చైన బుడ్డిని ఎన్నుకొనవలెనని ఆచారము. చలిదేశపు పుస్తకము చూచి ఎఱ్ఱబుడ్డి వ్రాసినవాడు మన వైశాఖపు టెండను ఎఱుగడు. రేకుల కప్పు క్రింద మధ్యాహ్నము 50 డిగ్రీలు వచ్చునేని, 30 కలిపి 80. పసుపు చాలదు, ఆకుపచ్చయే తగును. మే నెలలో ఒక వారము రేకుల క్రింద ఉష్ణమాపకము వ్రేలగట్టి చూచిన పిమ్మట ఎన్నుకొనుడు. దానికి ఖర్చేమియు లేదు.

ఇక ముఖ్యమైన నీటి లెక్క. 30 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల గోదామును తీసికొందము. సాధారణ ప్రమాదస్థలములలో ఒక తలకు 12 చదరపు మీటర్లు మించరాదు. తలకును తలకును నడుమ 4 మీటర్లు మించరాదు. నాలుగు వరుసలు, వరుసకు పది తలలు, మొత్తము 40 పెట్టినచో ఒక్కొక్క తల వంతునకు 11.25 చదరపు మీటర్లు వచ్చును. నిమిషమునకు 5 మిల్లీమీటర్ల వాన పడవలెనన్న, తలకు 56 లీటర్లు. సామాన్యపు తల యొక బారు ఒత్తిడికి 80 లీటర్లు పోయును, అర బారునకు 56 పోయును. ఒత్తిడి సగమైనను నీరు సగము కాలేదని గమనింపుడు. ఎదురు లెక్కలో, నీరు రెట్టింపు కావలెనన్న ఒత్తిడి నాలుగింతలు కావలెను. పది మీటర్ల ఎత్తు నీరు ఒక బారునకు సమానము గాన, అర బారనగా తలకంటె 5 మీటర్లు ఎత్తున నీరు నిలుచుట, గొట్టములలో పోవు నష్టము వేఱు. ఆ నష్టము స్వల్పము గాదు. అదే నీరు సగము వ్యాసము గల గొట్టములో పారవలసి వచ్చినచో నష్టము సుమారు 29 రెట్లగును. గొట్టముల ఖర్చులో మిగిల్చుకొన్న రూపాయలు పంపు ఖర్చులోనికి పోవుట ఇట్లే.

తలలన్నియు తెఱచుకొనవు గాన నలువదింటికిని నీరక్కరలేదు. ఐరోపా ప్రమాణములో సాధారణ ప్రమాదపు మూడవ తరగతికి 216 చదరపు మీటర్లలోని తలలు తెఱచుకొనునని యెంచి, 60 నిమిషములకు నీరు నిలువ చేయుమన్నారు. నిమిషమునకు 1,080 లీటర్లు, గంటకు 64,800 లీటర్లు. ఆరు మీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల నీటి లోతు గల తొట్టి. ఇది మన శక్తికి మించినది కాదు. చీనీ తోటలకు ఇంతకంటె పెద్ద నీటికుంటలు మనవారు త్రవ్వించియున్నారు.

అయితే ఈ లెక్కకొక షరతు కలదు. సరకు ఎత్తు దాటరాదు. నేలమీద దొంతరగా పేర్చిన సరకునకు, ఆ తరగతిలో, అది ఎంత త్వరగా మండునో దానిని బట్టి 4 మీటర్లు మొదలు 1.2 మీటరు వరకు హద్దులు పెట్టియున్నారు. హద్దు దాటినచో గోదాము అధిక ప్రమాదపు తరగతిలోనికి పోవును. అప్పుడు తలకు 9 చదరపు మీటర్లు, నిమిషమునకు 5 మిల్లీమీటర్లు కాక సరకును బట్టి ఏడున్నర మొదలు 30 వరకు, 260 చదరపు మీటర్లకు, 90 నిమిషములు. పది మిల్లీమీటర్లనుకొన్నను నిమిషమునకు 2,600 లీటర్లు, మొత్తము 2,34,000 లీటర్లు. గోదాము అదే, గోడలు అవే. మూడు బస్తాలు పైన వేసినందుకు తొట్టి మూడున్నర రెట్లు పెరిగినది. సంఘపు పాలకవర్గము ఇంజనీరును మొదట అడుగవలసిన ప్రశ్న గొట్టములను గుఱించి గాదు. ఏ సరకు, ఎంత ఎత్తున పేర్చెదమని తామే తీర్మానించి అతనికి వ్రాసి యీయవలెను. తీర్మానించిన ఎత్తున గోడ చుట్టును ఎఱ్ఱగీత గీయింపవలెను. మన దేశములో 2002లో వెలువడిన 15105వ సంఖ్య భారత ప్రమాణము ఈ విషయమునకు ఆధారము. దాని తరువాతి సవరణలను చూచియే నక్ష వేయవలెనని ఇంజనీరును కోరుడు.

మేమొక గోదామును చూడబోయితిమి, పేరు అనవసరము. స్ప్రింక్లర్లు చక్కగా నమర్చియున్నారు. కాని పంటకాలము గనుక బస్తాలు తలలను తాకునట్లు పేర్చియుండిరి. తల క్రింద నీటిని గొడుగువలె చెదరగొట్టు చిన్న పళ్లెము కలదు. దానికిని సరకునకును నడుమ కనీసము అర మీటరు, ఎత్తుగ పేర్చిన చోట ఒక మీటరు ఖాళీ లేనిదే గొడుగు విచ్చుకొనదు. నాలుగు తలలకు వెల్ల వేసిన కూలీలు సున్నము పూసిరి; అట్టి బుడ్డి సమయమునకు పగులునన్న నమ్మకము లేదు, దానిని తుడువరాదు, మార్చవలెను. గొట్టమునకు మోకులు కూడ వ్రేలాడుచుండినవి.

నీరున్నను నెట్టువాడు కావలెను. వ్యవసాయపు త్రీఫేజు కరెంటు దినములో కొన్ని గంటలే. నిప్పు గంటలు చూచి రాదు. పైగా నిప్పు అంటగానే మొట్టమొదట చేయుపని మెయిను ఆపివేయుట. కావున పంపునకు తీగ మెయిను స్విచ్చికి ముందుగనే వేఱుగ తీయవలెను, తోడుగ డీజిలు ఇంజను ఉండవలెను. బోరును నేరుగ నమ్ముకొనరాదు. వేసవిలో మన బోర్లు ఎట్లు ఒగుర్చునో మనకే తెలియును. చిత్రావతి జలాశయపు నీరు కాలువకు వచ్చిననాడు తొట్టి నింపుకొన్నచో వడియగట్టియే నింపుకొనుడు. డ్రిప్పు జల్లెడ లేనిదే ఏమగునో చీనీ రైతు నడుగుడు. గొట్టములు ఉక్కువి వేయుడు, చేని పీవీసీ గొట్టము కప్పు క్రింద నిప్పుసెగకు జారిపోవును. ఒకసారి నింపిన గొట్టములను మాటిమాటికి ఖాళీచేసి నింపరాదు. క్రొత్త నీటితో వచ్చు ప్రాణవాయువే త్రుప్పునకు మూలము.

పత్తి విషయము వేఱుగ చెప్పవలెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడి పత్తి జిన్నింగు మిల్లులకు చేరునప్పుడు దానిలో ఒక మేకో ఇనుపముక్కో పడియున్నచో యంత్రములో నిప్పురవ్వ పుట్టును. ఆ రవ్వ బేలు లోపల దాగి గంటల తరబడి కమురుచుండును. 1944 ఏప్రిలు 14న బొంబాయి రేవులో ఫోర్టు స్టైకిను అను ఓడలో పత్తిబేళ్ల నడుమ పుట్టిన నిప్పుపై వందల టన్నుల నీరు గుమ్మరించినను దాని మూలము దొరకలేదు; అందులోనే మందుగుండు కూడ నుండుటచే ఓడ ప్రేలి రేవు నాశనమయ్యెను. స్ప్రింక్లరు మంటను అణచును గాని బేలు లోపలి నిప్పును వెదకదు. బేళ్లను బయటికి లాగి విప్పవలెను, అందుకు దారులు విడువవలెను. నీరు త్రాగిన బేళ్లు ఉబ్బి గోడలను నెట్టును గాన గోడకును బేళ్లకును నడుమ రెండడుగులు విడుచుట విధి. పత్తిని వేరుసెనగతో ఒకే కప్పు క్రింద పెట్టుట మాకు సమ్మతము గాదు.

పురుగు చంపుటకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలను మఱవరాదు. నీరు తగిలినచో అవి ప్రాణాంతకమైన, మండునట్టి వాయువును విడుచును. వాని నిలువ స్ప్రింక్లరు లేని, గాలియాడు, తాళము గల వేఱు గదిలో నుండవలెను.

తొట్టికిని డీజిలు పంపునకును సొమ్ము చాలని సంఘము ఏమి చేయవలెను? తలలు మాత్రము బిగించి నీటిని తరువాత చూచుకొందమనుట కూడదు. దానికంటె ఒక పెద్ద గోదామునకు బదులు ఎడముగ రెండు చిన్నవి కట్టి, ఆవరణలో నీటితొట్టియు గొట్టములు తగిలించు కుళాయియు పెట్టించుట మేలని మా యభిప్రాయము. శకటములో వచ్చు నీరు సాధారణముగ నాలుగైదు వేల లీటర్లు. మిగిలినది వారు మన తొట్టినుండియే తోడుకొనవలెను. 101కి ఫోను చేయుటకు ముందే వారిని పిలిచి తొట్టి చూపించి, వారి గొట్టపు మూతి మన కుళాయికి సరిపోవునో లేదో బిగించి చూడుడు.

స్ప్రింక్లర్లు పెట్టించిన సంఘములలో వారమున కొకమాఱు పంపు నడిపించి, ఒత్తిడిముల్లు ఎంత చూపెనో పుస్తకములో వ్రాయు పనిని ఒకరి పేర తీర్మానింపవలెను. ప్రధాన కవాటము తెఱచియున్న స్థితిలో గొలుసువేసి తాళము పెట్టి, ఒక తాళపుచెవి కావలివానియొద్దను, రెండవది అధ్యక్షుని యింటను ఉంచవలెను.