జాబితాలో లేని పేరు

రగ్బీ అనగానే మనలో చాలామందికి కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, బురద, ఒకరిమీద ఒకరు పడి పెనుగులాడే మనుషులు గుర్తుకొస్తారు. మన వైపు ఆ ఆట ఆడేవాళ్లు బహు తక్కువ. అయినా ఈ సంచికకు వ్యాసం అడిగినప్పుడు నాకు తోచిన పేరు ఒక రగ్బీ ఆటగాడిదే: రాయ్ ఫ్రాన్సిస్. ఆటగాడుగా ఆయనకు జరిగింది ఒకటి, కోచ్‌గా ఆయన చేసింది వేరొకటి. ఈ రెంటికీ మధ్యనున్న తేడా ఏ ఆట ఆడేవాళ్లైనా తెలుసుకోదగ్గది.

ముందు ఆట సంగతి. రగ్బీ రెండు రకాలు. ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆటకోసం పని మానుకుంటే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టం క్లబ్బు భరించవచ్చునా, కూడదా అన్న తగువు ముదిరి, 1895లో ఉత్తరాది క్లబ్బులు విడిపోయాయి. అలా పుట్టిన శాఖే రగ్బీ లీగ్. అంటే ఇది మొదటినుంచీ కూలిజనం ఆట. జట్టుకు 13 మంది. బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. బంతితో పరుగెత్తేవాణ్ణి, చెడుగుడులో కూతకొచ్చినవాణ్ణి పట్టినట్టు, అవతలివాళ్లు పట్టి పడేస్తారు. వాళ్లని తప్పించుకుని గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే దాన్ని 'ట్రై' అంటారు. ఆ రోజుల్లో ట్రైకి 3 పాయింట్లు, ఆ తర్వాత బంతిని గోలుకంబాల మధ్యనుంచి తన్నితే మరో 2. ఇప్పుడు ట్రైకి 4.

రాయ్ ఫ్రాన్సిస్ 1919లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో పుట్టాడు. నల్లజాతివాడు. బ్రిన్‌మార్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. పదిహేడేళ్ల వయసులో విగాన్ క్లబ్బులో చేరి, తర్వాత బారో, వారింగ్టన్, హల్ క్లబ్బులకు ఆడాడు. జట్టుకు ఓ చివర నిలబడి, బంతి అందగానే గాలిలా పరుగెత్తే 'వింగర్' స్థానం ఆయనది. యుద్ధకాలంలో సైన్యంలో చేరి, అక్కడ వ్యాయామ శిక్షకుడుగా పనిచేశాడు. ఈ అనుభవం తర్వాత ఎంత పనికొచ్చిందో చూద్దాం.

1946లో బ్రిటన్ జట్టు ఆస్ట్రేలియా పర్యటనకి వెళ్లింది. మంచి ఊపుమీదున్న ఫ్రాన్సిస్ పేరు ఆ జాబితాలో లేదు. ఆస్ట్రేలియాలో అప్పుడు వర్ణవివక్ష ప్రభుత్వ విధానమే కాబట్టి, అక్కడివాళ్లు నొచ్చుకుంటారని సెలెక్టర్లు ఆయన్ని వదిలేశారని ఆట చరిత్ర రాసినవాళ్ల మాట. మరుసటి ఏడు, 1947లో, న్యూజిలాండు మీద ఒక్క టెస్టు ఆడనిచ్చారు. ఆ ఒక్కదాన్లో రెండు ట్రైలు చేశాడు. అంతే, మళ్లీ పిలుపు రాలేదు!

ఇంకొకరైతే ఈ చేదుతోనే జీవితం వెళ్లబుచ్చేవాళ్లు. 1950ల మొదట్లో హల్ క్లబ్బు ఆయనకు కోచ్ బాధ్యత అప్పగించింది. బ్రిటన్‌లో ఒక వృత్తి క్రీడాజట్టుకు కోచ్ అయిన మొట్టమొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే అంటారు.

అప్పట్లో కోచింగ్ అంటే మైదానం చుట్టూ పరుగెత్తించి, రెండు కేకలు వేసి పంపించడమే. ఫ్రాన్సిస్ పద్ధతి వేరు. ఎవరి శరీరానికి తగ్గ కసరత్తు వాళ్లకి. ఆటను ఫిల్ము తీయించి, తప్పొప్పులు తెరమీద చూపించేవాడు. ఎవర్ని మందలిస్తే పని జరుగుతుందో, ఎవరి భుజం తడితే జరుగుతుందో కనిపెట్టి మసలుకునేవాడు. ఆటగాళ్ల భార్యలు మ్యాచికి రావడానికి బండి ఏర్పాటు కూడా ఆయనే చూసేవాడట. ఇంట్లో నిమ్మళంగా ఉన్నవాడే మైదానంలో నిబ్బరంగా ఉంటాడని ఆయన లెక్క కాబోలు.

ఫలితం? హల్ 1956లోనూ 1958లోనూ ఛాంపియన్. 1956 ఫైనల్లో హాలిఫాక్స్ మీద గెలుపు 10-9, ఒక్క పాయింటు తేడా. 1961లో ఆయన హయాంలోనే క్లైవ్ సల్లివన్ అనే మరో కార్డిఫ్ నల్లజాతి కుర్రాడు హల్‌లో చేరాడు. 1972లో ఆ సల్లివనే బ్రిటన్ జట్టుకు కెప్టెన్‌గా ప్రపంచకప్పు అందుకున్నాడు.

తర్వాత ఫ్రాన్సిస్ లీడ్స్ క్లబ్బుకు మారాడు. 1968లో వెంబ్లీలో ఛాలెంజ్ కప్పు ఫైనల్. కుంభవృష్టి, మైదానం చెరువైంది. ఆట ఆఖరి నిమిషంలో వేక్‌ఫీల్డ్ ట్రై చేసి 11-10కి వచ్చింది. కంబాలకెదురుగా సులువైన తన్ను. పడితే కప్పు వాళ్లదే. డాన్ ఫాక్స్ కాలికి బంతి సరిగా తగల్లేదు, పక్కకి పోయింది. కప్పు లీడ్స్‌కి దక్కింది.

ఆ మరుసటి ఏడు ఫ్రాన్సిస్‌ని కోచ్‌గా పిలిచిన క్లబ్బు ఎక్కడిదనుకున్నారు? ఆస్ట్రేలియాది! 1946లో ఏ దేశానికి ఆటగాడుగా పనికిరాడన్నారో, 1969లో అదే దేశానికి గురువుగా వెళ్లాడు. అక్కడ కథ సుఖాంతమైందని రాస్తే అబద్ధమవుతుంది. నార్త్ సిడ్నీ జట్టుతో పెద్ద విజయాలేవీ రాలేదు, ఎక్కువకాలం నిలవకుండానే తిరిగి వచ్చేశాడు. 1975లో లీడ్స్‌కి ప్రీమియర్‌షిప్ గెలిపించి, 1989లో కన్నుమూశాడు. బ్రిన్‌మార్‌లో ఆయన విగ్రహం వెలిసింది 2023లో.

ఆయన చేసిన ట్రైలకన్నా నన్ను ఆకట్టుకున్నది ఇదే. జట్టు జాబితా రాసే కలం చేతికొచ్చినప్పుడు, తనకి జరిగింది ఇంకొకరికి జరగనివ్వలేదు. మన నోటీసుబోర్డు మీద కూడా ఏటా జాబితాలు అంటిస్తారు. పేరు లేనివాడు కాసేపు అక్కడే నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా హాస్టలుకి నడిచిపోవడం మనందరం చూసిందే. ఆటలో తేలిపోయి పేరు పోతే సరే, తట్టుకుంటాడు. ఎవరి మనిషో, ఏ కులంవాడో, ఏ ఊరివాడో చూసి తీసేస్తే మాత్రం నష్టం అతనొక్కడిది కాదు, జట్టుది. రేపు మనలో కొందరు కెప్టెన్లవుతారు, కొందరు సెలెక్షన్ కమిటీల్లో కూర్చుంటారు. పేర్లు రాసేముందు 1946 నాటి ఆ జాబితాను ఒకసారి తలుచుకుంటే చాలు.